రంగం రెండు గంటల దూరం

విశాఖపట్నానికి ఢిల్లీ దగ్గరా, రంగూన్ దగ్గరా? ఈ ప్రశ్న ఎవరిని అడిగినా నవ్వి వూరుకుంటారు. ఢిల్లీ మన రాజధాని. పొద్దున్న విమానమెక్కి వెళ్లి, అక్కడ పని చూసుకుని, మర్నాటికి ఇంట్లో భోజనానికి కూర్చునేవారు విశాఖలో ఎందరో వున్నారు. రంగూన్ అంటే దేశం కాని దేశం, సముద్రానికి అవతలి వొడ్డు. వీటికి పోలికేమిటని అంటారు.

సరే, ఇంట్లో పిల్లలు చదువుకునే గ్లోబు వుంటే ముందు పెట్టుకోండి. ఒక దారం తీసుకుని దాని కొసను విశాఖ మీద ఆన్చి, బిగువుగా ఢిల్లీ దాకా లాగి, అక్కడ గోటితో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు విశాఖ దగ్గరి కొస కదలనివ్వకుండా ఆ దారాన్ని తూర్పుకు తిప్పండి. గోటి గుర్తు సరిగ్గా రంగూన్ మీద ఆనుతుంది. లెక్క కట్టి చెప్పాలంటే ఆకాశమార్గాన ఢిల్లీ సుమారు 1,360 కిలోమీటర్లు, రంగూన్ సుమారు 1,370. పది కిలోమీటర్ల తేడా. విశాఖలో ఈ మూలనుంచి ఆ మూలకు సిటీబస్సులో పోతే అంతకంటే ఎక్కువే అవుతుంది.

రైల్లో అయితే ఢిల్లీ దూరం రెండువేల కిలోమీటర్లు దాటుతుంది. పట్టాలు కొండలు తప్పించుకుంటూ, నదులకు వంతెనలు వెతుక్కుంటూ, పెద్దవూళ్లను పలకరించుకుంటూ పోవాలి గనుక అంత చుట్టు. విమానానికి ఆ బాధ లేదు. అయితే విమాన ప్రయాణానికీ ఒక చిన్న లెక్క వుంది. ఇది తెలిసి వుంటే ఏ వూరికి ఎంతసేపు పడుతుందో టికెట్టు చూడకుండానే చెప్పవచ్చు. జెట్ విమానం పైకి చేరుకున్నాక గంటకు సుమారు 800 కిలోమీటర్లు పోతుంది. కాని నేలమీద పాకుతూ రన్‌వే చేరడానికీ, మెల్లగా పైకెక్కడానికీ, మళ్లీ మెల్లగా దిగడానికీ అదనంగా అరగంట వేసుకోవాలి. దూరాన్ని 800 తో భాగించి అరగంట కలపండి. విశాఖ నుంచి హైదరాబాదు దాదాపు 500 కిలోమీటర్లు; గంటా పది నిమిషాలు అవుతుంది. ఢిల్లీకి రెండుగంటలా పావు. నిజంగానూ దాదాపు అంతే పడుతుంది. ఎదురుగాలి వుంటే పది నిమిషాలు పెరగవచ్చు, వెనకగాలి వుంటే తగ్గవచ్చు.

మరి ఇదే లెక్కన రంగూన్‌కు కూడా రెండుగంటలా పావే కదా? అవును, పట్టాలి. కాని పట్టదు. ఎందుకంటే విశాఖ నుంచి రంగూన్‌కు నేరుగా విమానం లేదు. కలకత్తా మీదుగానో, బాంకాక్ మీదుగానో తిరిగి పోవాలి. విమానం మారడానికి కాచుకునే గంటలు కూడా కలుపుకుంటే తెల్లవారుజామున బయలుదేరినవాడు చీకటి పడేలోగా చేరితే అదృష్టవంతుడే. ఆ రెండు గంటల దూరాన్ని మన పెద్దవాళ్లు ఒకప్పుడు స్టీమరు మీద మూడు రోజుల్లో దాటేవారు. అదీ ఒక్క టికెట్టు మీద, పాస్‌పోర్టు అనే మాట వినకుండా. ఈ విచిత్రం ఏమిటో తెలుసుకోవాలంటే విమానాశ్రయానికి వెళ్లి ప్రయోజనం లేదు. ఫిషింగ్ హార్బరుకు వెళ్లాలి.

రైల్వే స్టేషను నుంచి వన్‌టౌన్ మీదుగా వెళ్తే హార్బరు నాలుగయిదు కిలోమీటర్లు. దారి అడగనక్కరలేదు, ముక్కే తీసుకుపోతుంది. దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి మూతి చాచుకుని వుంటుంది. ఇటు రాస్ హిల్. పక్కపక్కనే వున్న మూడు గుట్టల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి మూడూ ఓడలు వచ్చే కాలవకేసి చూస్తుంటాయి. విశాఖ పోర్టు వారి ఆధ్వర్యాన 1976 లో ఈ చేపల రేవు ఏర్పడింది. అంతకుముందు ఇక్కడి జాలరులకూ, వాడబలిజలకూ ఇసుకతిన్నెలే రేవు, తెప్పలే ఓడలు.

చూడవలసింది తెల్లవారే వేళ. అయిదు కాకముందే బోట్లు వరసగా వచ్చి జెట్టీకి ఆనుకుంటాయి. ఒకదాని పక్కన ఒకటి, దాని పక్కన మరొకటి, ఎంత దగ్గరగానంటే అయిదు బోట్లు దాటుకుని ఆరో బోటులోకి చేపల తట్టతో నడిచిపోతారు. సిమెంటు నేలమీద కోనాలు, చందువలు, కానగంతలు, వెండి పట్టీల్లాంటి సావడాలు కుప్పలు పోస్తారు. పాటగాడు పాడే ధరల వరస కొత్తవాడి చెవికి మంత్రంలాగా వుంటుంది. ఎవరు తల వూపారో, ఎవరికి సరుకు పోయిందో అర్థమయ్యేలోగా ఆ కుప్ప మాయమై ఇంకొకటి వస్తుంది. బేరం ఆడవాళ్లదే పైచేయి. గంప నెత్తికెత్తుకునే ముందు ఒక్క చేప మొప్ప ఎత్తి ఎరుపు చూసే ఆ చూపు ముందు ఏ తనిఖీ అధికారీ నిలవడు. ట్యూనా చేపలు ఐసులో సర్దుకుని లారీలెక్కి కేరళకు ప్రయాణం కడతాయి. మనవాళ్లకు వాటి రుచి ఇంకా పట్టుబడలేదు కాబోలు.

ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాడు లేడు. లోతును బారల్లో చెబుతారు, దూరాన్ని డీజిలులో చెబుతారు. "ఎంతదూరం ఎల్లినారు?" అని అడిగితే "నాలుగు పీపాలు" అంటారు. సోనా బోట్లు అనే పెద్ద మరపడవలు రెండేసి వారాలకు తక్కువ కాకుండా సముద్రం మీదే వుంటాయి. ఐసు, బియ్యం, మంచినీళ్లు, డీజిలు నింపుకుని బయలుదేరి రొయ్యల కోసం ఉత్తరాన పారాదీపు దాటి, గంగానది సముద్రంలో కలిసే ఇసుకమేటల దాకా పోతాయి. గంటకు ఏడు నాటికల్ మైళ్ల నడక. ఒక్కొక్క నాటికల్ మైలు మన 1,852 మీటర్లు. పారాదీపు ఇక్కడికి 245 నాటికల్ మైళ్లు, అంటే ఒక పగలూ, ఒక రాత్రీ, మళ్లీ ఒక పూట.

పూర్వం వొడ్డు గుర్తు తెలియడానికి కొండలే ఆధారం. ఈ కొండ ఆ కొండ వెనక్కు ఎంత జరిగింది, ఏ కొండ సగం మునిగింది, ఏది పూర్తిగా మునిగింది అని చూసుకుని చోటు చెప్పేవారు. తాతలు మనవలకు నేర్పిన భూగోళశాస్త్రం అది. ఇప్పుడు ప్రతి బోటులోనూ ఉపగ్రహంతో మాట్లాడే పెట్టె వుంది. చేపలు ఎక్కడ గుమిగూడవచ్చునో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలు ఉపగ్రహాల కొలతలను బట్టి లెక్కకట్టి, ఫలానా రేవునుంచి ఫలానా దిక్కుగా ఇన్ని కిలోమీటర్లు, ఇంత లోతు అని పంపుతుంటారు. సముద్రం మొహం చూడని హైదరాబాదు మన జాలరికి చేపల జాడ చెప్పడం చిత్రం కాదూ? ఏమాటకామాట చెప్పుకోవాలి, ఆ సంగతి విని నవ్విన సరంగులే దానివల్ల డీజిలు మిగిలిందనీ ఒప్పుకుంటారు.

అన్నట్టు, హార్బరు గట్టు మీద నిలబడి తిన్నగా తూర్పుకు చూడండి. నడుమ ఒక్క దీవి అయినా లేదు. అదే అక్షాంశం మీద పోతే 1,200 కిలోమీటర్ల తర్వాత తగిలే మొదటి నేల బర్మాలోని అరకాన్ తీరం. మనకు పొద్దు పొడవడానికి ముప్పావుగంట ముందే అక్కడ పొడుస్తుంది. రంగూన్ గడియారం మన గడియారం కంటే సరిగ్గా గంట ముందు. మన దేశానికంతటికీ గడియారం దిద్దే 82½ డిగ్రీల రేఖ విశాఖకు బాగా దగ్గర గనుక, ఇక్కడి సూర్యుడికీ గడియారానికీ తేడా మూడు నిమిషాలే. అటు అస్సాంలోనూ, ఇటు గుజరాతులోనూ వున్నవారికి ఆ అదృష్టం లేదు.

ఇక రంగం సంగతి. నిఘంటువులో రంగం అంటే నాటకం ఆడే వేదిక. కాని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో పెద్దవాళ్ల నోట రంగం అంటే రంగూన్ నగరమే. "వాడు రంగం వెళ్లాడు" అంటే కూలికి సముద్రం దాటాడని అర్థం. నాటక సమాజాల వారు వూరూరా ఆడిన 'రంగూన్ రౌడీ' పేరు వినని తెలుగు ప్రేక్షకుడు ఒక తరంలో లేడంటే అతిశయోక్తి కాదు. అవతలివాళ్లకూ మనం అంత పరిచయం. బర్మావాళ్లు తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు. గోదావరి పాయ వొడ్డునున్న కోరంగి రేవునుంచి వచ్చినవాళ్లని ఆ పేరు. తరువాత అందులో ఎగతాళి కూడా కలిసిందనుకోండి.

బర్మా అప్పుడు బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రం. ఐరావతి నది డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. ఆ ధాన్యం దంచడానికి రంగూన్‌లో మిల్లులు, బియ్యం ఎత్తడానికి రేవులు, వాటికి కూలీలు కావలసి వచ్చారు. మన తీరాన కరువులు, అప్పులు. మేస్త్రీలు వూళ్లలోకి వచ్చి ముందుగా కొంత డబ్బు చేతిలో పెట్టి మనుషులను పోగుచేసేవారు. ఆ డబ్బు తీరేదాకా మేస్త్రీ మాటే వేదం. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాల్పూరు రేవులలో ఆగుతూ జనాన్ని ఎక్కించుకుని తూర్పుకు తిరిగేవి. 1920 దశకంలో రద్దీ హెచ్చుగా వున్న సంవత్సరాల్లో దేశం మొత్తం మీదనుంచి బర్మాలో దిగినవారు మూడు లక్షలకు పైమాటే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే తేలారు.

1933 దాకా విశాఖలో పెద్ద ఓడ లోపలికి వచ్చే రేవు లేదు. ఆ యేడు అక్టోబరు 7 న సింధియా కంపెనీవారి 'జలదుర్గ' మొట్టమొదటిసారిగా కొత్త రేవులో అడుగుపెట్టింది. అంతకుముందు స్టీమరు వొడ్డుకు దూరంగా లంగరు వేసుకుని కూర్చునేది. ప్రయాణీకులను అక్కడికి చేర్చేది మసూలా పడవ. ఈ పడవకు మేకు వుండదు. పలకలను కొబ్బరితాటితో కుట్టి, కుట్ల సందుల్లో గడ్డి కూరుతారు. అల వచ్చి కొడితే మేకులు కొట్టిన పడవ పగులుతుంది, ఇది మాత్రం బుట్టలాగా వొంగి మళ్లీ సర్దుకుంటుంది. ఆ పడవలు నడిపినవాళ్లు ఎవరనుకున్నారు? ఈ చేపలు పట్టే కులాలవాళ్లే. రంగం పోయే ప్రతివాడినీ మొదటి మూడు అలలు దాటించినది వీళ్ల చేతి తెడ్డే. తిన్నగా నిలబడలేని ముసలివాళ్లనూ, చంటిపిల్లల తల్లులనూ చేతులమీద ఎత్తి స్టీమరు నిచ్చెనకు అందించేవారు. నిచ్చెన కిందికీ పైకీ వూగుతుంటే అల పైకి లేచిన క్షణాన అందించాలి, లేకపోతే మధ్యలో సముద్రమే.

స్టీమరు వెళ్లవలసిన దారి దారం లాగినంత తిన్నగా వుండదు. రంగూన్ సముద్రం వొడ్డున లేదు, నదిలో ఇరవైమైళ్లు ఎదురెక్కి పోవాలి. బర్మా నైరుతి మూలనున్న నెగ్రాయిస్ అగ్రాన్ని చుట్టి, డెల్టా కిందుగా పోయి, నదీముఖం చేరాలి. మొత్తం దరిదాపు 800 నాటికల్ మైళ్లు. గంటకు పది మైళ్ల చొప్పున మూడు రోజుల పైన ఒక పూట. మధ్యలో రేవులు ఆగుతూ పోయే స్టీమరయితే ఇంకొక రెండు రోజులు. కూలీలకు గదులుండవు. డెక్కు మీద చాప పరిచినంత మేర ఎవరి రాజ్యం వారిది. తలకింద మూట, పక్కన చింతపండు, ఎండుచేపలు, పచ్చడి జాడీ. బర్మాలో కోతలూ మిల్లు పనీ డిసెంబరునుంచి ముమ్మరం గనుక ఇక్కడ శరత్కాలంలో బయలుదేరాలి. బంగాళాఖాతంలో తుఫానులు లేచేదీ ఆ నెలల్లోనే. గాలి లేచినప్పుడు డెక్కు మీది వాళ్లను కిందికి దింపి పైన మూతలు బిగించేవారు. ఆ చీకట్లో ఎన్ని మొక్కులు మొక్కుకున్నారో గంగమ్మతల్లికే తెలియాలి.

హార్బరులో వలలు బాగుచేసుకునే పెంకుటి నీడన ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. ఎనభయ్యేళ్లుంటాయి. చూపు మందగించినా వేళ్లు మాత్రం కన్నాలు చూసుకుంటూ పోతున్నాయి. నేను విమానాల లెక్కలు రాసుకుంటున్న కాగితం చూసి అడిగాడు.

"ఏటి బాబూ ఆ అంకెలు?"

"ఇక్కణ్ణుంచి ఏ వూరు ఎంతదూరమో రాసుకుంటున్నాను తాతా."

"అలగైతే రంగం ఎంత దూరమో రాసినావా? ఇమానంలో ఎల్తే ఎంతసేపేటి?"

చెప్పకుండా, ఎందుకడిగారన్నాను. పెద్దాయన చేతిలో వల పక్కన పెట్టలేదు, మాట మాత్రం ఆపకుండా చెప్పుకుపోయాడు.

"మా పెదనాన రంగం ఎల్లిపోనాడు బాబూ. నాను పుట్టకముందు మాట. పద్దెనిమిదేళ్లోడంట. ఏటకెల్లేవోడికి బస్తాలు మోసే ఖర్మేటని మా తాత తిట్టినాడంట. ఇనలేదు. ఏడాదికో ఉత్తరం ఒచ్చీది, డబ్బులొచ్చీవి. తరవాత యుద్ధం ఒచ్చింది. ఉత్తరాలు నేవు, డబ్బుల్నేవు."

యుద్ధమంటే 1941 డిసెంబరు 23. ఆ రోజున జపాను విమానాలు రంగూన్ మీద మొదటిసారి బాంబులు వేశాయి. మరుసటి సంవత్సరం మార్చి 8 కల్లా నగరం వాళ్ల వశమైంది. స్టీమర్లు ఆగిపోయాయి. దొరికిన ఓడలో చోటు లేని లక్షలాది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపురం అడవుల మీదుగా కాలినడకన బయలుదేరారు. దారిలో మలేరియాకూ, కలరాకూ, ఆకలికీ వేలకువేలు రాలిపోయారు. మూడు రోజుల దూరం మూడు నెలల దూరమయింది. ఏప్రిల్ 6 న అదే జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసిపోయాయి. రంగూన్ ఎంత దగ్గరో విశాఖవాసులకు ఆనాడు ఇంకొకవిధంగా తెలిసివచ్చింది.

దానికి ముందే బీటలు మొదలయ్యాయి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలిరేట్ల కోసం సమ్మె కట్టారు. కంపెనీలు వారి స్థానంలో బర్మావాళ్లను పెట్టుకున్నాయి. రాజీ కుదరగానే ఆ కొత్తవాళ్లను పొమ్మన్నాయి. ఆకలిగా వున్న ఇద్దరి మధ్య ఒకే ముద్ద పడేస్తే ఏమవుతుందో అదే అయింది. మే 26 న మొదలైన కొట్లాటలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. ముద్ద పడేసినవాళ్లకు మాత్రం చిన్న గాయం కూడా కాలేదు. 1937 ఏప్రిల్ 1 న బర్మాను ఇండియానుంచి వేరుచేశారు. సముద్రం నడుమ అంతవరకు లేని గీత ఒకటి వచ్చింది.

పెద్దాయన కథ ఇంకా వుంది.

"నాకు ఇరవయ్యేళ్లప్పుడు రంగపోల్లు ఓడల్లో తిరిగొచ్చినారు. ఓడొచ్చిందని ఇంటే సాలు, మా నానమ్మ గంప దించేసి రేవుకి ఎల్లిపోయీది. తోడుకి నన్ను లాక్కెల్లీది. దిగినోల్లందర్నీ అడిగీది. మావోడు పొట్టిగుంటాడు, ఎడం సెయ్యిమీద పచ్చబొట్టుంటాది, మీకేటైనా తెల్సా అని. ఆల్లకి ఆల్ల బాధే ఆల్లకి. అయినా కొందరు ఆగి ఇనీవోరు."

"తెలిసిందా తాతా?"

"ఒకామె సెప్పింది. నది అవతల దల్లాలో మిల్లు కాడ అలాటోడు ఉండీవోడని. ఆడేనో కాదో. మరి రెండేల్లు నానమ్మ ఓడలకి ఎల్లింది. తరవాత ఓడల్నేవు, నానమ్మా నేదు."

ఆ ఓడల కథ ఇది. 1962 లో బర్మాలో సైన్యం అధికారంలోకి వచ్చింది. 1964 లో దుకాణాలు, వ్యాపారాలు ప్రభుత్వపరం చేశారు. అదే మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. రెండు మూడు తరాలుగా అక్కడే పుట్టి పెరిగినవాళ్లు లక్షకు పైగా కట్టుబట్టలతో మద్రాసుకూ, విశాఖకూ ఓడలెక్కారు. అలా వచ్చినవారికి కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు వెలిసింది. ఇప్పుడది క్యాంపు కాదు, విశాఖలో కలిసిపోయిన ఒక పేట. పేరు మాత్రం అలాగే వుంది. సిటీబస్సు కండక్టరు బర్మా క్యాంపు అని కేక వేస్తే దిగేవాళ్లు దిగుతారు, ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగేవాడు అరుదు.

అప్పుడు చెప్పాను, విమానంలో తిన్నగా పోతే రెండు గంటలా పావు అని.

పెద్దాయన వేళ్లు ఆగాయి. "రెండు గంటలేనా? భీవిలి ఎల్లి వొచ్చినట్టే. మరి ఎందుకెల్లరు?"

భీమిలి ఇక్కడికి పాతిక కిలోమీటర్లు. బస్సులో వెళ్లివచ్చేసరికి అంతసేపూ పడుతుంది. ఆయన పోలిక సరిగ్గానే వుంది. ప్రశ్నకే నా దగ్గర పొట్టి జవాబు లేకపోయింది. విమానం దూరాన్ని చూసి ఎగరదు, టికెట్టు కొనేవాళ్లను చూసి ఎగురుతుంది. సింగపూరు విశాఖకు 2,900 కిలోమీటర్లు, అంటే రంగూన్‌కు రెండింతల పైన. అయినా 2011 లో అక్కడికి నేరుగా విమానం మొదలైంది. నాలుగు గంటల ప్రయాణం. ఉద్యోగాలకు వెళ్లేవారు, చదువులకు వెళ్లేవారు, అక్కణ్ణుంచి ఆస్ట్రేలియాకు మారేవారు వున్నారు గనుక ఆ విమానం నిండుతుంది. రంగం దారిలో తిరగవలసిన జనాన్ని 1937 లో ఒక గీత, 1942 లో ఒక యుద్ధం, 1964 లో ఒక చట్టం మూడుసార్లుగా తెంపేశాయి. రాకపోకలే లేనిచోట ఏ విమానకంపెనీ మాత్రం సీట్లు వేస్తుంది?

సముద్రం మీద దారి పూర్తిగా మాసిపోలేదు. అండమాన్‌లోని పోర్టు బ్లెయిరు, 2024 లో శ్రీ విజయపురం అని పేరు మార్చుకున్న వూరు, విశాఖకు 1,215 కిలోమీటర్లు. ప్రయాణీకుల ఓడకు రెండున్నర రోజుల దారి. తెలుగువాళ్లు అక్కడ వేలల్లో స్థిరపడ్డారు గనుక విశాఖ రేవులో ఆ ఓడ ఎక్కేవారి మూటలు చూస్తే పాత రంగం స్టీమరు ఎలా వుండేదో కొంత వూహకు అందుతుంది. కావలసిందల్లా తీరిక. కాలువ దాటాక కొండ మునిగేదాకా డెక్కు మీద నిలబడి చూడవచ్చు.

రంగూన్ పేరు 1989 నుంచి యాంగోన్, దేశం మయన్మార్. వచ్చేసిన లక్షమందిని తీసివేసినా మిగిలిన తెలుగు కుటుంబాలు అక్కడ ఇంకా వున్నాయి. యాంగోన్‌లో కొన్ని, దక్షిణాన మౌల్మేన్ ప్రాంతంలో వ్యవసాయం చేసుకుంటూ కొన్ని. ఇంట్లో తెలుగు, వీధిలో బర్మీ. పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడానికి అక్కడి పెద్దలు పడే పాట్లు చూస్తే మనం సిగ్గుపడాలి. 2021 ఫిబ్రవరి 1 న అక్కడ మళ్లీ సైన్యం అధికారం తీసుకుంది, అంతర్యుద్ధం నడుస్తున్నది. కాబట్టి వెళ్లదలచినవారు వీసాతోపాటు మన విదేశాంగ శాఖవారి సలహా కూడా చూసుకుని మరీ బయలుదేరాలి.

ఈ లెక్కంతా విన్నాక పెద్దాయన పక్కనున్న ఒక కుర్ర సరంగు తన లెక్క తాను వేశాడు. సోనా బోటుకు 800 మైళ్లు అంటే రాత్రింబగళ్లు నడిపితే అయిదు రోజులకు కొంచెం తక్కువ. డీజిలుకు లోటు లేదు, వాళ్లు దానికి మూడింతల రోజులు సముద్రం మీద వుండివచ్చినవాళ్లే. "దారి తెలుసండి, ఎల్లనివ్వరంతే" అన్నాడు. మన జలాల హద్దు దాటితే ఏమవుతుందో తీరంలో అందరికీ తెలుసు. గుజరాతులోని వెరావల్ రేవునుంచి వేటకు వెళ్లి, 2018 లో పాకిస్తానువారికి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జాలరులు తిరిగి ఇంటిముఖం చూసేసరికి 2020 జనవరి వచ్చింది. 2023 నవంబరు 19 రాత్రి ఈ హార్బరులోనే నిప్పంటుకుని ముప్పయికి పైగా బోట్లు కాలిపోయినప్పుడు కూడా అంత భయం వేయలేదని అతనే చెప్పాడు. బోటు పోతే బోటు, మనిషి పోతే ఎక్కడని వెతకడం?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట ఆపుతారు. అరవైయొక్క రోజులు. వెళ్లదలచుకుంటే పాఠకులు ఆ రోజులు తప్పించి వెళ్లాలి, లేదా జూన్ 14 అర్ధరాత్రికే వెళ్లాలి. ఐసు నింపుకుని, కొత్త రంగులు వేసుకుని, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి వందలకొద్దీ బోట్లు ఒకదాని వెనక ఒకటి డాల్ఫిన్ నోస్ దీపం కింద నుంచి బయటికి పోతాయి. గట్టు దాటాక కొన్ని దక్షిణానికి తిరుగుతాయి, ఎక్కువ భాగం ఉత్తరానికి.